అన్నదా... తమ్ముడిదా ఆ రైలు?

నాంపల్లిలో ఓ పాత ఇల్లు. అపార్ట్‌మెంటు కట్టేందుకు బిల్డరుకు ఇచ్చేశారు. సామాను సర్దుతుంటే అటక మీంచి ఓ అట్టపెట్టె దిగింది. దుమ్ము దులిపి మూత తీస్తే... నల్లటి బుల్లి ఇంజిన్, ఓ ప్యాసింజర్ బోగీ, రెండు గూడ్స్ వ్యాగన్లు, కాసిని పట్టాలు. గుమ్మంలో నిలబడ్డ పాతసామాన్లవాడు మిగతా తుక్కుతో కలిపి తూకానికి తీసుకుంటానన్నాడు. అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే 'ఆగవయ్యా' అని అరిచారు.

అసలు గొడవ అప్పుడు మొదలైంది.

'ఇది నాది. నాన్న ఇంగ్లండుల చదువు అయిపోయి వచ్చేటప్పుడు, యాభై ఆరుల నాకోసమే తెచ్చిండు' అన్నాడు అన్న. ఆయన పుట్టింది 1950లో. 'కాదన్నా. నాకు ఆరేళ్లున్నప్పుడు మేనమామ లండన్ నుంచి తెచ్చిండు. దసరా సెలవులు. పెట్టె విప్పింది నాకు మంచిగ యాదికుంది' అన్నాడు 1960లో పుట్టిన తమ్ముడు. సాక్ష్యం చెప్పాల్సిన నాన్న లేడు, మేనమామా లేడు. ఇద్దరూ మనవలున్నవాళ్లే. అయినా రెండు రోజులు మాటల్లేవు!

చివరికి పెట్టెను గుడ్డ సంచిలో పెట్టుకుని ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్‌కు బయల్దేరారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ ఇక్కడ దుకాణం పెట్టాడు. ఆయన పేరే ఈ ప్రాంతానికి స్థిరపడిపోయింది. ఆదివారం షాపుల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు. వాటిలో రైలు పుస్తకాలు వెతుక్కునే ఓ రిటైర్డు ఇంజినీరు తమ్ముడికి పరిచయం. బొమ్మ రైళ్లంటే ఆయనకు ప్రాణం. పుస్తకాల గుట్ట పక్కనే చతికిలబడి, కళ్లజోడు సవరించుకుని, ముందుగా జేబులోంచి స్కేలు తీశాడు.

రెండు పట్టాల మధ్య దూరం కొలిస్తే పదహారున్నర మిల్లీమీటర్లు. అదే 32 మిల్లీమీటర్లుండి, ఒళ్లంతా రేకుతో చేసింది అయితే ఇంకా పాత తరం బొమ్మ కావచ్చు. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ కంపెనీ 1920లో అలాంటి 'కీ' ఇచ్చే రైళ్లతోనే మొదలుపెట్టింది. ఈ చిన్న సైజుకు అదే కంపెనీ 1938లో వచ్చింది. హార్న్‌బీ డబ్లో అని దానికి పేరు. కానీ దాని పట్టాల నడుమ కరెంటు కోసం మూడో పట్టా ఉండేది. రెండు పట్టాలతో నడిచే డబ్లో 1959లో గానీ రాలేదు. ఈ పెట్టెలో ఉన్నవి రెండే పట్టాలు.

ఇంజిన్ పక్కన 47606 అని నంబరుంది. బ్రిటన్‌లో రైల్వే కంపెనీలన్నీ 1948లో ప్రభుత్వపరమయ్యాక, పాత నంబరుకు నలభై వేలు కలిపి వేసిన నంబరు అది. అంటే బొమ్మ 1948కి ముందుది కానే కాదు. ఇలాంటి ఆధారాలు 'దీనికి ముందుది కాదు' అని మాత్రమే చెబుతాయి. అసలు రైళ్లకు రంగూ గుర్తూ మారినా, బొమ్మల కంపెనీలు చాలా ఏళ్లు పాతవే వేసుకుంటూ పోయేవి. అందుకే నంబరు చూసి సంవత్సరం చెప్పేసేవాళ్లను నమ్మకూడదు.

ఇంజిన్ అడుగున ట్రయాంగ్ అన్న పేరుంది. ట్రయాంగ్ రైల్వేస్ పేరుతో రైళ్లు రావడం 1952లో మొదలైంది. ఆ యజమానులే 1964లో హార్న్‌బీని నడిపే మెకానో కంపెనీని కొనేశారు. 1965 నుంచి పెట్టెల మీద ట్రయాంగ్ హార్న్‌బీ అని పడింది. ఆ సంస్థ కూలిపోయాక 1972 నుంచి హార్న్‌బీ రైల్వేస్ అయింది. 'చైనా తయారీ' అని ఉంటే 1990ల తర్వాతి సరుకే.

పెట్టె మూత మీద ఏముంది? ట్రయాంగ్ హార్న్‌బీ!

'చెప్పిన కదా' అన్నాడు తమ్ముడు. అన్న మొహం చిన్నబోయింది.

ఇంజినీరు మాత్రం తల ఊపలేదు. మూతను బట్టి లోపలి సరుకు వయసు కట్టడం ఈ రంగంలో అందరూ చేసే పొరపాటే. చిరిగిన పెట్టె పారేసి ఇంకోదాంట్లో సర్దడం ప్రతి ఇంట్లో జరిగేదే. ఆయన ఇంజిన్‌నూ వ్యాగన్‌నూ పక్కపక్కన పెట్టి కొక్కేలు చూపించాడు. రెండూ వేర్వేరు రకాలు. ఒకదాన్నొకటి పట్టుకోవు. 1959 ప్రాంతంలో ట్రయాంగ్ తన కొక్కెం మార్చేసింది. ఇంజిన్‌కూ ప్యాసింజర్ బోగీకీ ఉన్నది పాత కొక్కెం. రెండు వ్యాగన్లకూ ఉన్నది కొత్తది. పట్టాలూ అంతే. కొన్నింటికి అడుగంతా కంకర పరిచినట్టు బూడిదరంగు ప్లాస్టిక్... అవి యాభైల నాటివి. మిగతావి చెక్కలు విడివిడిగా కనిపించే, 1962లో వచ్చిన 'సూపర్ ఫోర్' రకం.

అంటే ఇంజిన్, బోగీ నాన్న తెచ్చినవి. పెట్టె, వ్యాగన్లు మేనమామవి. అవి తెప్పించడమూ అప్పట్లో తేలిక కాదు. 1957లో విదేశీ మారకానికి కటకట వచ్చాక దిగుమతుల మీద కట్టడి బిగిసింది. ఎవరో ఒకరు విదేశాల నుంచి వస్తూ సూట్‌కేసులో పెట్టుకొస్తేనే!

వ్యాగన్ కొక్కేనికి మాసిన నూలుదారం ముక్క ఒకటి చుట్టుకుని ఉంది. తమ్ముడు దాన్ని చూసి 'నేనే కట్టిన... ఇంజిన్‌కు తగులుకోకపోతుండె' అన్నాడు.

ఇంకో పాత కేసూ అక్కడే తేలిపోయింది. ప్యాసింజర్ బోగీ పైకప్పు అరటిదొప్పలా వంగిపోయి ఉంది. తమ్ముడు ఎండలో పడేశాడని అన్న అరవై ఏళ్లుగా అంటూనే ఉన్నాడు. తొలినాళ్లలో ట్రయాంగ్ వాడిన ప్లాస్టిక్ సెల్యులోజ్ ఎసిటేట్. కాలం గడిచేకొద్దీ అది దానంతటదే వంకర తిరుగుతుంది. అటక మీది వేడికి ఇంకాస్త త్వరగా. వేడినీళ్లలో పెట్టి సరిచేయబోతే ఉన్నదీ పోతుంది.

మరి ధరో? లక్షలొస్తాయని అన్నగారి అల్లుడు అప్పటికే లెక్క వేసుకున్నాడు. ట్రయాంగ్ రైళ్లు లెక్కకు మిక్కిలిగా తయారయ్యాయి కాబట్టి అంత ఆశ వద్దు. ఉన్న విలువైనా నిలవాలంటే మళ్లీ రంగు వేయకూడదు, తుప్పని గరుకు కాగితంతో రుద్దకూడదు. చిరిగిన అట్టపెట్టె, లోపలి కాగితాలు కూడా పారేయకూడదు.

నడిపి చూడాలన్న తొందరలోనే ఎక్కువ రైళ్లు కాలిపోతాయి. ఈ ఇంజిన్‌కు కావాల్సింది 12 వోల్టుల డీసీ. అమెరికా లయొనెల్ సెట్ల ట్రాన్స్‌ఫార్మర్లయితే అక్కడి 110 వోల్టుల కరెంటుకు చేసినవి. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే పొగే. పాత కంట్రోలర్ల వైర్ల మీది రబ్బరు పెళుసెక్కి రాలిపోతుంటుంది. ఎలక్ట్రీషియన్ చూడకుండా ముట్టుకోవద్దు. ముందు ఇరుసుల్లో చిక్కిన వెంట్రుకలూ పీచూ తీసి, చక్రాలు తుడిచి, పట్టాలకు 9 వోల్టుల బ్యాటరీ తాకిస్తే చాలు. మోటారులో ప్రాణముందో లేదో తెలిసిపోతుంది.

బ్యాటరీ కొనుక్కొచ్చి పుస్తకాల మధ్యే పట్టాలు పరిచారు. మొదటిసారి కదల్లేదు. చక్రాలు ఇంకోసారి తుడిచి తాకిస్తే గుర్రుమని జానెడు దూరం పోయి ఆగింది. అన్నదమ్ములు లేవలేదు. బ్యాటరీ తమ్ముడి చేతిలో ఉంది, 'ఇటియ్యి' అని అన్న చెయ్యి చాపాడు.