నీటిపామును చంపనేల?

డెలావేర్ నదిలో ఈదేవారు ముదురు పట్టీల పామును చూచి, విషసర్పమైన కాటన్‌మౌత్ అని భ్రమించడం కద్దు. తూర్పుతీరంలో కాటన్‌మౌత్ ఉత్తరపు హద్దు ఆగ్నేయ వర్జీనియాయే. డెలావేర్‌లో ఈదేది మన నీరుకట్టె వంటి విషరహిత నీటిపాము. కాటన్‌మౌత్ సాధారణంగా దేహమంతా నీటిపై తేలుతూ, తల ఎత్తి ఈదుతుంది; నీటిపాము ఒడలు చాలావరకు మునిగే ఉంటుంది. తల ఆకారం నమ్మదగిన గుర్తు కాదు. బెదిరిన నీటిపామూ తలను వెడల్పు చేస్తుంది.

ఈరీ సరస్సు దీవుల నీటిపాములను జనులు చంపడం, తీరభూములు తరగడం వలన 1999లో ఆ ఉపజాతిని ముప్పులో ఉన్నదిగా ప్రకటించవలసి వచ్చింది. ప్రజలకు నచ్చజెప్పి, తీరాన్ని కాపాడినందున 2011లో ఆ జాబితానుండి తొలగించగలిగారు.

ఒడ్డున కాపర్‌హెడ్ ఉండవచ్చు. కనుక ఏ పామునుండైనా దూరంగా తొలగడమే క్షేమం. అంతకుమించి కర్ర ఎత్తనక్కరలేదు. ఈ వివేకాన్నే ఇక్కడ పెరిగే మన పిల్లలకు నేర్పాలి.