పేరు చెప్పని చేపముక్క గర్భిణికి వద్దు

కొండవీడు చుట్టుపక్కల సముద్రపు చేప కొనే ప్రతి ఇల్లూ ఇవాళే తెలుసుకోవాల్సిన మాట ఇది: గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు కొమ్ముకోనాం తినకూడదు.

రేవులో ఈ చేపను ఎవరైనా గుర్తుపడతారు. మూతి బల్లెంలా పొడుచుకొని ఉంటుంది. మెట్ట ఊళ్లకు చేరేసరికి తలా ఉండదు, కొమ్మూ ఉండదు. ఐసు పెట్టెలో ఉండేవి ముక్కలే. ముళ్లు లేవని పిల్లలకు ఏరి పెట్టేదీ వాటినే.

సముద్రంలో చేరిన పాదరసం చిన్న చేప నుంచి దాన్ని మింగే పెద్ద చేపకు పేరుకుంటూ పోతుంది. వేటాడి బతికే కత్తిచేప, కొమ్ముకోనాం, సొరల్లో అది ఎక్కువ. ఉప్పూ పసుపూ పట్టించి కడిగినా, పులుసులో మరిగించినా పోదు. తల్లి నుంచి గర్భస్థ శిశువుకు చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పాలు పడతాయని బాలింతకు సొరపుట్టు పెట్టేవారూ ఆలోచించాలి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ గర్భిణులను మానేయమన్న చేపల్లో కత్తిచేప, కొమ్ముకోనాం జాతి మార్లిన్, సొర మూడూ ఉన్నాయి.

కత్తిచేపను భారీగా పట్టే స్పెయిన్, ఇటలీ ఉన్న ఐరోపా సమాఖ్యలో కిలో కత్తిచేప మాంసంలో 1 మిల్లీగ్రాముకు మించి పాదరసం ఉంటే అమ్మనివ్వరు.

కొండవీటి ప్రభువు అనపోతారెడ్డి 1358లో మోటుపల్లి రేవులో వర్తకులకు అభయశాసనం వేయించాడు. ఇప్పుడు అభయం కావాల్సింది కొనేవారికి. నరసరావుపేట, చిలకలూరిపేట మార్కెట్లలో ఆహార భద్రతాధికారులు పెద్ద చేపల నమూనాలు తీసి పాదరసం పరీక్షలు చేయించాలి. ఫలితాలు అక్కడే బోర్డు మీద రాయించాలి. అమ్మేవారు చేప పేరు చెప్పి అమ్మాలి. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీలు ఈ మాట గడప గడపకూ చేర్చాలి.

చేపే మానమని కాదు. కవళ్లు, నెత్తళ్లు, చెరువులో పెరిగిన శీలావతి ఉన్నాయి. వాటిలో పాదరసం తక్కువ, పోషకాలు ఎక్కువ. బేరమాడే ముందు చేప పేరు అడగండి. చెప్పకపోతే ఆ ముక్క కొనకండి.