ఒంటరి వీరుని కట్టుకథ

నిర్జనమైన కొండల్లో గుడిసె వేసుకొని, తోడేళ్ళ నడుమ పశువులను సాకిన అమెరికా వలసరైతును స్వశక్తికి ప్రతీకగా కీర్తించే రచనలు నేటికీ వస్తున్నాయి.

ఆ రైతు చెమట నిజం. స్వశక్తి మాత్రం కట్టుకథ. అతనికి 160 ఎకరాలిచ్చినది 1862 నాటి చట్టం. మేతభూమిని 640 ఎకరాలదాకా ఇచ్చినది 1916 నాటి చట్టం. తోడేళ్ళను చంపించినదీ ప్రభుత్వమే: ఎల్లోస్టోన్‌లో 1926 నాటికి వాటిని తుడిచిపెట్టి, 1995లో మళ్ళీ తెచ్చి వదిలింది.

ఇంతకూ ఆ నేల ఎవరిది? ఆరెగాన్ కొండల్లోని వాలోవా లోయలో గుర్రాలను, పశువులను మందలుగా మేపుకొంటున్న నెజ్ పెర్స్ తెగవారిని 1877లో సైనికబలంతో వెళ్ళగొట్టారు. కొండలు నిర్జనమైనది అలాగే.

శ్రమను కీర్తించవలసిందే. కాని నేల ఎవరిదో దాచిన రచన ఆ దొంగపట్టాపై సాక్షి సంతకమే.