తొలి కాన్పు - ఎవరి నిర్ణయం?

తొలుసూరు కాన్పు తల్లిగారింటి బాధ్యత అన్నది మన ప్రాంతంలో పాత ఆనవాయితీ. నెలలు నిండకముందే అమ్మాయిని తెచ్చుకొని, పురుడు పోసి, బిడ్డతో సహా అత్తవారింటికి సాగనంపుతారు. మొగుళ్లపల్లి మండలంలోనూ ఇదే రివాజు. అయితే ఆ కాన్పు ఏ ఆసుపత్రిలో, ఏ విధంగా జరగాలన్నది మాత్రం కనబోయే అమ్మాయి తప్ప తక్కిన వారందరూ నిర్ణయిస్తున్నారు.

దాని ఫలితం కళ్ల ముందే ఉంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయి. ఇది సంతోషించవలసిన మాటే. కానీ మొత్తం కాన్పులలో 60.7 శాతం పెద్దాపరేషన్లు! ప్రైవేటు ఆసుపత్రులలో 81.5 శాతం, సర్కారు ఆసుపత్రులలో 44.5 శాతం. దేశం మొత్తం మీద ఇది 21.5 శాతం మాత్రమే. మన ఆడపడుచుల శరీరాలు దేశంలోని ఇతర స్త్రీల శరీరాల కంటే వేరుగా ఉంటాయని ఎవరూ అనలేరు.

ఇందుకు డాక్టర్లను మాత్రమే తప్పుపట్టి ఊరుకుంటే సరిపోదు. కాన్పులో ఏదైనా తేడా వస్తే వియ్యాలవారి ముందు తలవంచుకోవలసింది పిల్ల తల్లిదండ్రులే. "మీ ఇంటికి పంపితే ఇట్ల చేసిన్రు" అన్న మాట జీవితాంతం పడాలి. కనుకనే నొప్పులు మొదలైన కొద్ది గంటలకే ఆ తల్లి, "బిడ్డ బాధ చూడలేకపోతున్న, కోసి తియ్యండి సారూ" అంటుంది. అల్లుడు సరేనంటాడు. చివరిదాకా ఆగి ఏదైనా జరిగితే బంధువులు మీదపడతారన్న భయం డాక్టరుకూ ఉంటుంది. ఇన్ని భయాల నడుమ నొప్పులు పడుతున్న అమ్మాయి అభిప్రాయం అడిగే వారెవరు?

ముహూర్తాల సంగతి సరేసరి. మూలా నక్షత్రం రాకముందే, అమావాస్య దాటకముందే అంటూ పంచాంగం పట్టుకొని ఆసుపత్రికి వచ్చేవారు చదువుకున్న ఇళ్లలోనూ తక్కువేం లేరు. నెలలు నిండని బిడ్డను ముహూర్తం కోసం బయటికి తీస్తే ఊపిరి కష్టాలు రావచ్చునని అయ్యగారు చెప్పరు కదా!

బిడ్డ అడ్డం తిరిగినా, మాయ దారికి అడ్డుపడినా, బిడ్డ గుండె వేగం పడిపోయినా ఆపరేషన్ ప్రాణదాతే. దానిని వద్దనడం మూర్ఖత్వం. కాని అవసరం లేని మొదటి కోత మలి కాన్పునూ శాసిస్తుంది. రెండోసారీ కోత తప్పదనే చెప్పే ఆసుపత్రులే ఎక్కువ. పాత కుట్టు దగ్గర మాయ అతుక్కుంటే తల్లి ప్రాణానికే ముప్పు. కుట్లు మానీ మానకముందే పత్తి చేలో వంగవలసిన కూలి తల్లికి ఈ లెక్క ముందుగా ఎవరు చెబుతున్నారు?

చెప్పవలసిన చోటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. గర్భిణుల పరీక్షల రోజున తొలిచూలు అమ్మాయితో పాటు తల్లిని, అత్తను, భర్తను కూడా పిలిపించి కూర్చోబెట్టాలి. నొప్పులు ఎంతసేపు ఉంటాయో, ఆపరేషన్ ఎప్పుడు తప్పదో ఏడో నెలలోనే చెబితే ఆఖరి గంటలో కంగారు తగ్గుతుంది. సర్కారు ఆసుపత్రుల ప్రసూతి గదిలోకి తోడుగా ఒక స్త్రీని అనుమతించాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. అమ్మ చేయి పట్టుకొని ఉంటే సగం భయం పోతుందని మన పెద్దలకు ఎవరూ నేర్పనక్కరలేదు. 2017 నుంచి రాష్ట్రంలో మిడ్‌వైఫరీ శిక్షణ పొందుతున్న నర్సుల సేవలు భూపాలపల్లి వంటి మారుమూల జిల్లాలకే ముందుగా అందాలి.

తొలి కాన్పులను, మలి కాన్పులను వేరు చేసి ఆపరేషన్ల లెక్క చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. సర్కారు, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి ఆసుపత్రి తొలి కాన్పు ఆపరేషన్ల సంఖ్యను, కారణాలను జిల్లా వైద్యాధికారులు నెలనెలా మండలాలవారీగా ప్రకటించాలి.