విడిచి వెళ్తూ రాసిన ప్రేమపాట



ప్రేమపాట అనగానే లోకసంబంధమైనదని మనవారు కొట్టివేస్తారు. 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' విషయంలో మేము అలా అనలేము. 1992లో 'ది బాడీగార్డ్' సినిమాకు విట్నీ హ్యూస్టన్ పాడితే, అమెరికాలో 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఆ గొంతు చిన్ననాట నెవార్క్‌లోని బాప్టిస్టు సంఘ క్వయర్‌లో పాడిన గొంతే.

రాసింది మాత్రం డాలీ పార్టన్, 1973లో. తనను టీవీలో పైకి తెచ్చిన పోర్టర్ వాగనర్‌ను విడిచి సొంత దారిన వెళ్లాలి. ఆయన ఒప్పుకోడు. ఆమె వాదన మాని ఈ పాట రాసి, ఆయనకే పాడి వినిపించింది. అందులో నింద లేదు. కృతజ్ఞత, దీవెన, సెలవు ఉన్నాయి. తర్వాత ఎల్విస్ ప్రెస్లీ పాడతానన్నాడు. ఆయన మేనేజరు హక్కుల్లో సగం అడిగేసరికి ఇవ్వనంది. రాత్రంతా ఏడ్చానని ఆమే చెప్పింది. విట్నీ పాడాక వచ్చిన రాబడి చూస్తే ఆ సగం ఎంతో తెలుస్తుంది.

ఈ పాటను పెళ్లిళ్లలో కూడా వేస్తారు, విడిపోయే పాటని ఎరుగక! మాకైతే పట్నం వెళ్లే కుటుంబాలు గుర్తొస్తాయి. దశమభాగం తగ్గుతుందని, క్వయర్‌లో ఒక గొంతు పోతుందని ముఖం ముడుచుకునేవారు మనలో ఉన్నారు. ఈ ఆదివారం ఒక కుటుంబం హైదరాబాదు వెళ్తోంది. ఆరాధన అయ్యాక ఎవరూ లేచి వెళ్లకండి, చేతులుంచి ప్రార్థించి పంపుదాం.