నాలుగేండ్ల బిడ్డకు ఇంగ్లీషు పరీక్ష

వేసవి వచ్చేసరికి వేలూరులోనూ, గుడియాత్తంలోనూ కొన్ని ఇళ్లలో ఒక వింత చదువు మొదలవుతుంది. నాలుగేండ్లు నిండని బిడ్డను కూర్చోబెట్టి తన పేరు, తండ్రి పేరు, పండ్ల పేర్లు, రంగుల పేర్లు ఇంగ్లీషులో వల్లె వేయిస్తారు. ఎల్.కె.జి.లో చేర్చుకొనే ముందు బడివారు అడుగుతారని భయం. పేరుకు అది పరీక్ష కాదట, పిల్లవానితో ముచ్చటట! ముచ్చటే అయితే వాడికి వచ్చిన మాటలలో ఎందుకు సాగదు?

వాడికి మాటలు రాకనా? ఇంట్లో అవ్వతో తెలుగు, వీధిలో తోటి పిల్లలతో తమిళం. పక్కింటివారు ఉర్దూ మాట్లాడేవారైతే ఆ మాటలూ నాలుగు పట్టుబడతాయి. ఎవరితో ఏ భాష మాట్లాడాలో వాడికి ఎవరూ నేర్పలేదు. మనిషిని చూసి భాష మారుస్తాడు. ఈ నేర్పుకు ఆ గదిలో ఒక్క మార్కూ లేదు. ఇంగ్లీషులో నోరు మెదపకపోతే మాత్రం మందబుద్ధి అనే ముద్ర పడుతుంది. లుంగీలు నేసే ఇంట, అగ్గిపెట్టెల పనికి పోయే ఇంట ఇంగ్లీషు ఎవరు మాట్లాడతారు? ఆ ప్రశ్నల వల్ల తేలేది తల్లిదండ్రుల చదువే. పైగా ఈ భయంతో ఇంట్లో తెలుగు మాన్పించేవారూ ఉన్నారు. అవ్వకు మనుమడితో మాటలు కరువు.

ఇంగ్లీషు వద్దని నేను అనను. బెంగాలు నుండి, ఆంధ్ర నుండి రోగులు వచ్చే సి.ఎం.సి. ఆసుపత్రి ఉన్న ఊరిలో ఆ మాట ఎవరంటారు? బడిలో నేర్పనీ, నేర్పిన పిమ్మట పరీక్షించనీ. విత్తకముందే కొడవలి పట్టుకొని చేనికి పోవడమెందుకు?

1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజు ఆ ఏడు శాసనసభకు ఎన్నికైనది గుడియాత్తం నుండే. చిన్ననాడే చదువు ఆగిపోయిన మనిషి. పల్లెల్లో బడులు పెట్టించి, మధ్యాహ్నం అన్నం పెట్టించి పిల్లలను రప్పించాడు. ఆకలితో వచ్చిన బిడ్డకు ముందు అన్నం, తరువాత అక్షరం.

నర్సరీలో చేరడానికి పరీక్షలు, ఇంటర్వ్యూలు ఉండరాదని ప్రొఫెసర్ యశ్‌పాల్ సంఘం 1993లోనే కేంద్ర ప్రభుత్వానికి చెప్పింది. చేర్చుకొనేటప్పుడు పిల్లలను గాని, తల్లిదండ్రులను గాని వడపోయరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం శాసించింది. తప్పుచేసిన బడికి మొదటిసారి 25,000 రూపాయల వరకు, ఆపైన ప్రతిసారి 50,000 రూపాయల వరకు జరిమానా. చట్టం గట్టిదే. కాని ఆ చట్టం లెక్కలో పిల్లలంటే 6 నుండి 14 ఏండ్లవారు. అసలు భయపడే నాలుగేండ్ల బిడ్డ గీతకు అవతలే నిలిచిపోయాడు. ఆ గీతను వాడి వయసు దాకా జరపాలి.

చోట్లు తక్కువ, వచ్చినవారు ఎక్కువ, మరి ఎలా ఎంచుకోవాలి అని బడివారు అడగవచ్చు. చీటీలు వేసి తీయండి. చట్టం వడపోతగా లెక్కించని పద్ధతి అదే.