గొడవ చెయ్యని మామ్మగారు

వృద్ధాశ్రమం అనగానే మన బీటెక్ వాళ్లకి గుర్తొచ్చేది ఎన్ఎస్ఎస్. అరటిపళ్లు, దుప్పట్లు, ఒక గ్రూప్ ఫోటో, సాయంత్రానికి ఇన్‌స్టాలో స్టోరీ. ఆ ఫోటోలో నేనూ ఉన్నాను కాబట్టి ఎవర్నీ వెక్కిరించట్లేదు. నేను చెప్పదలుచుకున్నది వేరే. అక్కడ ఉండేవాళ్లకి బీపీ, షుగర్ చూసినంత క్రమంగా డిప్రెషన్ ఉందేమో కూడా చూడాలి. చూడటం అంటే దూరం నుంచి కనిపెట్టడం కాదు, పక్కన కూర్చుని అడగడం.

మేం వెళ్లిన హోమ్‌లో ఆఫీసు బల్ల మీద ఒక పొడుగు రిజిస్టర్ ఉంది. ఒక్కో పేరుకి ఎదురుగా బీపీ, షుగర్, వేసుకున్న మాత్రలు. చాలా శ్రద్ధగా రాస్తున్నారు, మా ల్యాబ్ రికార్డుల కన్నా వంద రెట్లు నయం. మనసు సంగతి ఎక్కడైనా రాస్తారా అని అడిగితే సూపర్‌వైజర్ గారు నవ్వేశారు. "వీళ్లకేం బాబూ, టైముకి భోజనం, టీవీ, అన్నీ ఉన్నాయిగా" అన్నారు. కిటికీ పక్క మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్న ఒక మామ్మగారిని చూపించి, "ఆవిడైతే బంగారం. అస్సలు గొడవ చెయ్యరు, ఏదీ అడగరు" అన్నారు.

ఆయన చెడ్డమనిషేం కాదు. అంతమందిని చూసుకోవాలంటే ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి పరిగెత్తాల్సిందే. మన భాషలో చెప్పాలంటే ఇది ఇంటరప్ట్ సిస్టమ్. సిగ్నల్ వస్తే ప్రాసెసర్ చూస్తుంది, రాకపోతే అంతా బాగున్నట్టే లెక్క. కానీ సిగ్నల్ పంపే ఓపికే పోవడం ఈ జబ్బు లక్షణం. అలాంటి డివైస్‌కి ఇంటరప్ట్ పనికిరాదు, పోలింగ్ చెయ్యాలి. అది పిలవకపోయినా మనమే వెళ్లి "ఎలా ఉన్నావు" అని అడుగుతూ ఉండాలి. స్క్రీనింగ్ అంటే నాకు అర్థమైంది అదే.

ఆ మామ్మగారికి డిప్రెషన్ ఉందని నేను అనట్లేదు. అనడానికి నేనెవర్ని? ఆవిడకి చెవులు సరిగా వినపడకపోవచ్చు, థైరాయిడ్ ఉండొచ్చు, స్వభావమే అంత కావచ్చు. ఇందులో ఏది నిజమో ఆ హోమ్‌లో ఎవరికీ తెలీదు, అదీ నా బాధ.

మన దేశంలో 2017-18లో లాసి అనే పెద్ద సర్వే జరిగింది. 60 దాటినవాళ్లలో డిప్రెషన్ ఉందని డాక్టర్ చెప్పారు అన్నవాళ్లు 0.8 శాతం. అదే సర్వేలో ప్రశ్నలు అడిగి లెక్కేస్తే 8.3 శాతం వచ్చింది. పది రెట్లు! పైగా ఇది ఇళ్లల్లో ఉన్నవాళ్ల లెక్క.

అమెరికాలో నర్సింగ్ హోమ్స్ సంగతి చదువుతుంటే ఒక విషయం ఆసక్తిగా అనిపించింది. అక్కడ ప్రభుత్వ డబ్బు తీసుకునే ప్రతి నర్సింగ్ హోమ్ లోపలున్న వాళ్ల పరిస్థితిని ఒక ఫారంలో నింపాలి. మొదట్లో మూడ్ ఎలా ఉందో స్టాఫే గమనించి రాసేసేవారు. 2010 అక్టోబర్‌లో దాన్ని మార్చి, పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నలని ఆ మనిషినే నేరుగా అడగాలన్నారు. చేరినప్పుడు ఒకసారి, తర్వాత మూడు నెలలకోసారి. మాట్లాడలేని స్థితిలో ఉంటేనే స్టాఫ్‌ని అడుగుతారు. మన సూపర్‌వైజర్ గారి "బంగారం" లాంటి మాటల మీద ఆధారపడకూడదనే కదా!

పెద్దవాళ్ల కోసమే తయారైన ఇంకో ప్రశ్నావళి ఉంది, జీడీఎస్. 1980ల మొదట్లో యెసవేజ్ అనే డాక్టరూ ఆయన సహచరులూ చేశారు. మొదట 30 ప్రశ్నలు, 1986లో 15కి కుదించారు. అన్నీ అవును-కాదు ప్రశ్నలే. నిద్ర పట్టట్లేదా, ఆకలి లేదా అని అందులో అడగరు. ఆ వయసులో అవి ఎవరికైనా ఉంటాయి కాబట్టి కావాలనే వదిలేశారు. ఫీచర్ సెలెక్షన్ అంటే ఇది. స్కోర్ 5 దాటితే డాక్టర్ చూడాలి. దాటితే జబ్బు ఖాయమని కాదు, చూడాలి, అంతే.

అయితే ఆ ఫారం తెచ్చి మక్కీకి మక్కీ తెలుగు చేసి చదివేస్తే పని జరగదు. మన పెద్దవాళ్లకి ఒక డిఫాల్ట్ జవాబు ఉంది: "బాగానే ఉన్నాను నాన్నా." అమెరికా నుంచి కొడుకు వీడియో కాల్ చేసినా అదే, డాక్టర్ అడిగినా అదే. పక్కన కేర్‌టేకర్ నిలబడి ఉంటే ఇంకేం చెప్తారు? అన్నం పెట్టేవాళ్ల ఎదురుగా "ఇక్కడ సంతోషంగా లేను" అని ఎవరంటారు? అందుకే తలుపు వేసి, విడిగా అడగాలి. వాళ్ల మాటల్లోనే అడగాలి. మా అమ్మమ్మ నోట డిప్రెషన్ అనే మాట ఒక్కసారీ వినలేదు. బెంగ, దిగులు, ఏమీ తోచట్లేదు, మనసు మనసులో లేదు... ఆవిడ దగ్గర బోలెడు మాటలున్నాయి. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు "బెంగ"కి సరైన ఇంగ్లీష్ మాట ఇప్పటికీ దొరకలేదు.

"సరే, అడిగారు, స్కోర్ పది వచ్చింది, తర్వాత?" అని మా రూమ్మేట్ అడిగాడు. న్యాయమైన ప్రశ్న. తర్వాత ఏం చెయ్యాలో ముందే అనుకోకుండా ఫారం నింపితే రిజిస్టర్‌లో ఒక కాలమ్ పెరుగుతుంది తప్ప ఎవరికీ ఏమీ ఒరగదు. ఏ డాక్టర్ దగ్గరికి, ఎవరు తీసుకెళ్తారు, ఆటో డబ్బులు ఎవరివి, ఇవన్నీ మొదటి ప్రశ్న అడగకముందే తేలాలి. చనిపోవాలనుంది అని ఎవరైనా అంటే ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి. టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబర్ మేం వెళ్లిన హోమ్‌లో ఏ గోడ మీదా లేదు. ఫైర్ స్టేషన్ నంబర్ మాత్రం ఉంది.

మా బ్యాచ్‌లో ఒక టీమ్ కెమెరాతో ముఖాలు చదివి డిప్రెషన్ పట్టేసే ప్రాజెక్ట్ చేద్దామంటోంది. వద్దన్నాను. గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి ముఖం ఏ కెమెరాకి దొరుకుతుంది? దొరికినా, అమెరికా వాళ్లు 2010లో వదిలేసిన పనినే మనం మెషీన్‌తో మళ్లీ మొదలుపెట్టినట్టవుతుంది. మూడు నెలలు దాటగానే "ఫలానా వారిని అడగలేదు" అని గుర్తుచేసే చిన్న యాప్ చేస్తే మాత్రం నేనూ కోడ్ రాస్తాను. అడగడం మనిషే చెయ్యాలి.

మన క్లబ్ వాళ్లకీ ఇందులో పనుంది. ఫారం డాక్టర్లదే, దాన్ని ముట్టుకోవద్దు. కానీ తెలుగు మాట ఎక్కడ తేడా కొడుతుందో వాళ్లకి చెప్పగలం. జీడీఎస్‌లో తొమ్మిదో ప్రశ్ననే తీసుకోండి. బయటికెళ్లి కొత్త పనులు చెయ్యడం కన్నా ఇంట్లో ఉండటమే ఇష్టమా అని దాని అర్థం. "అవును" అంటే ఒక పాయింట్. కొడుకు అమ్మేసిన ఇల్లు గుర్తొచ్చి ఒకావిడ "అవును, ఇంట్లోనే ఉండాలనుంది" అన్నారనుకోండి. గేటుకి తాళం ఉన్న చోట, ఏ ఇల్లు అని ఆవిడ మనల్ని తిరిగి అడిగితే ఏం చెప్పాలో మాకింకా తేలలేదు.